చూపకుండఁ జూపుట: ఒక చలనచిత్ర ప్రారంభరంగము



ఒక తల్లి వంట ముగించి, బల్లమీఁదఁ బళ్లెముంచి, బడినుండి రావలసిన కూఁతునకై యెదురుచూచుచున్నది. పిల్ల రాలేదు. నేఁడు నేను మీకు వివరింపఁబోవు చలనచిత్ర ప్రారంభరంగమున నున్న కథ యింతియే. ఇందుఁ గత్తి లేదు, రక్తము లేదు, హంతకుని ముఖము సైతము లేదు. అయినను దానిని జూచిన రాత్రి నాకుఁ జాలసేపటివఱకు నిద్రపట్టలేదు. ఏమియుఁ జూపకుండనే యింత వెఱపు పుట్టించుట యెట్లు సాధ్యమైనది? కామెరా యేమి చేసినది, శబ్దమేమి చేసినది? ఈ ప్రశ్నకు నాకుఁ దోఁచిన సమాధానమును మీ ముందుంచుచున్నాను.

ఆ చిత్రము పేరు 'ఎమ్'. పేరంతయు నొక్క యక్షరమే. జర్మన్ భాషలో హంతకుఁడను పదమునకది మొదటి యక్షరము. 1931వ సంవత్సరము మే నెల 11వ తేదీని బెర్లిన్ నగరమున నది మొదట ప్రదర్శింపఁబడినది. దర్శకుఁడు ఫ్రిట్జ్ లాంగ్. 1890లో వియన్నాలో జన్మించినవాఁడు. ఆతఁడును, ఆతని భార్యయగు థేయా ఫాన్ హార్బౌయుఁ గలసి కథ వ్రాసిరి. ఛాయాగ్రాహకుఁడు ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్. మన దేశమున మొదటి మాటల చిత్రమగు 'ఆలం ఆరా' బొంబాయిలో విడుదలయైనదియు నా సంవత్సరమే, మార్చి 14వ తేదీని. రెండింటికిని నడుమ రెండు నెలలే యెడము. కాని మనవారు మాట రాఁగానే పాటలందుకొనిరి. 'ఆలం ఆరా'లో నేడు పాటలున్నవి. లాంగ్ తన మొదటి మాటల చిత్రమున వాద్యగోష్ఠినే విడిచిపెట్టెను. నేపథ్యసంగీత మందు లేనే లేదు. ఆ కాలమునఁ బెక్కు దేశములలోఁ జిత్రములు తీయువారు మొదటినుండి చివఱిదాఁక నెడతెగక మాటలాడించుచుండిరి. క్రొత్తగా గొంతు వచ్చిన మూఁగవాఁడు నోరు మూసికొనఁగలఁడా? శబ్దము చేతికి రాఁగానే మౌనముయొక్క విలువ గూడ నెఱిఁగిన కొలఁదిమందిలో లాంగ్ యొకఁడు.

సినిమాలయెడ నాకు మొదటినుండియు నంత గౌరవము లేదు. అలంకారశాస్త్రము చదివినవారికి సహజమగు గర్వము నాయందును గలదు. శబ్దగ్రహణము జీవనోపాధిగాఁ గల నా పూర్వశిష్యుఁ డొకఁడు పండుగకు మా యూరు వచ్చి, తన వెంటఁ దెచ్చిన కంప్యూటరు తెరపై నాకీ చిత్రమును జూపెను. "మాస్టరుగారూ, మొదటిసారి కన్నులు మూసికొని వినుఁడు, రెండవసారి చెవులు మూసికొని చూడుఁడు, మూఁడవసారి రెండును దెఱవుఁడు" అని నియమము పెట్టెను. చిన్ననాఁడు నేనాతనికిఁ బెట్టిన నియమములకిది ప్రతీకారము కాఁబోలునని నవ్వుకొంటిని. అయినను జెప్పినట్లే చేసితిని.

మొదట తెర చీఁకటి. బొమ్మ కనఁబడుటకు ముందే యా చీఁకటిలోనుండి యొక బాలిక గొంతు వినఁబడును. మన పిల్లలు దొంగాటలో దొంగ యెవరో తేల్చుటకుఁ బంటలు వేయుదురు గదా, అట్టి లెక్కపాట యది. కొంచెము తాళుము, కత్తి పట్టిన నల్లనివాఁడు నీకొఱకు వచ్చునను భావము గలది. తరువాతఁ బొమ్మ వచ్చును. పేదలు కాపురముండు పెద్ద మేడ. దాని నడిమి వాకిలి. కామెరా మీఁదినుండి క్రిందికిఁ జూచుచున్నది. పిల్లలు చుట్టును నిలిచియున్నారు. నడుమ నొక బాలిక చేయి చాఁచి యొక్కొక్కరినే చూపుచుఁ దిరుగుచున్నది. పాట యెవరిపైఁ బూర్తియగునో వారు వలయమునుండి తొలఁగవలెను. పైనుండి చూచుటచేఁ బిల్లల ముఖములు మనకు స్పష్టముగాఁ దెలియవు; వారు గడియారపుటంకెలవలెను, నడిమి బాలిక చేయి ముల్లువలెను గనఁబడును. ఇది నాకుఁ దోఁచిన పోలిక; దర్శకుఁడట్లు తలఁచెనో లేదో చెప్పఁజాలను. అయినఁ దరువాతి కథ యంతయు గడియారముమీఁదనే నడచును గావున నీ పోలిక వట్టిది కాదనుకొందును.

కామెరా మెల్లఁగాఁ బైకి లేచును. బట్టల గంప మోయుచున్న యొక స్త్రీ పైయంతస్తు నడవనుండి, ఆ పాడుపాట పాడవలదని పిల్లలను గసరును. వారొక్క క్షణ మూరకుండి మఱల నందుకొందురు. ఆమె మెట్లెక్కి, బట్టలుదుకు మఱియొక స్త్రీకి గంప యిచ్చుచు, ఎంత చెప్పినను బిల్లలు వినరని విసుగుకొనును. ఆ రెండవ స్త్రీయే మనము చెప్పుకొన్న తల్లి. వారి గొంతులు వినఁబడుచున్నంతవఱకు వారు క్షేమముగా నున్నారని తెలియును గదా యని యామె బదులు చెప్పును. జాగ్రత్తగా గమనింపుఁడు. ఈ రంగమునకు సూత్రప్రాయమగు మాట యిది. ఊరిలో నొకఁడు పిల్లల నెత్తికొనిపోయి చంపుచున్నాఁడను వార్త యామెకును దెలియును. గొంతు వినఁబడినచోఁ బిల్ల యున్నది, వినఁబడనిచో? ఆ సగము మాట నామె చెప్పలేదు. దానిని మన చెవియే పూరింపవలెను. ఇటుపైని వినఁబడు ప్రతి శబ్దమును, వినఁబడని ప్రతి శబ్దమును మన మీ కొలతతోడనే కొలుచుచుందుము.

కోకిలబొమ్మ గల గోడగడియారము పండ్రెండు కొట్టును. తల్లి ముఖమున నవ్వు. వెంటనే బడి వాకిట నొక పిల్ల, పేరు ఎల్సీ. వీథి దాఁటఁబోవఁగా మోటారు బూర మ్రోఁగును; ఆమె యులికిపడి వెనుకకుఁ దగ్గును. పోలీసువాఁ డొకఁడు వచ్చి చేయి పట్టుకొని దాఁటించును. ఇదెంత చమత్కారమో చూడుఁడు. చప్పుడు చేయుచు వచ్చు నపాయమునుండి రక్షించుటకు రాజభటుఁడు గలఁడు. చప్పుడు లేక వచ్చుదానినుండి రక్షించువాఁ డెవఁడు?

ఎల్సీ బంతి నేలఁ గొట్టుకొనుచుఁ బోవుచున్నది. కామెరా యామె వెంటఁ బోవుచున్నది. ప్రకటనల స్తంభ మొకటి యడ్డము వచ్చును. ఆమె బంతిని దానిపైఁ గొట్టి పట్టుకొనుచుండఁగాఁ గామెరా పిల్లను విడిచి బంతివెంటఁ బైకిఁ బోయి స్తంభముపైని నిలుచును. అచ్చట నతికించిన ప్రకటన మనకుఁ గనఁబడును: హంతకునిఁ బట్టి యిచ్చినవారికిఁ బదివేల మార్కుల బహుమానము. బంతి వచ్చి యా యక్షరములకే తగులుచుండును. పిల్లకా ప్రకటనతోఁ బని లేదు. ఆమెకది బంతి కొట్టుటకుఁ దగిన గోడ. అంతలో నా కాగితముపైని నొక మనుష్యుని నీడ పడును. టోపి, ప్రక్కచూపు ముఖరేఖ, అంతే. ఆ నీడ వంగును. నీ బంతి చాల బాగున్నదని మెత్తని గొంతు వినఁబడును. పేరేమని యడుగును, పిల్ల చెప్పును.

ఈ యొక్క చోట నేను మూఁడుసార్లు నిలిపి చూచితిని. ఎవనికొఱకు నగరమంతయు వెదకుచున్నదో వాని ప్రకటనపైనే వాని నీడ పడినది. అయినను మనము వానిఁ జూడలేదు. మన తోలుబొమ్మలాటలో బొమ్మ తెరపై నాడును. గొంతు తెరవెనుక కథకునిది. అచ్చట నీడ రాముఁడా రావణుఁడా యని మొదటి చూపుననే తెలియును, తెలియవలెను గూడ. ఇచ్చట నీడయు గొంతును నొకనివే యైనను వాఁ డెవఁడో తెలియదు. సంస్కృతనాటకమున దీనికిఁ దగిన సామ్యము శాకుంతలము నాల్గవ యంకమునఁ గలదు. దుర్వాసుఁడు రంగముమీఁదికి రాఁడు. శాపము నేపథ్యమునుండియే వినఁబడును. పరధ్యానముననున్న శకుంతల దానిని వినలేదు, మనము వింటిమి. ఆ శాపమునెఱిఁగి, ఎఱుఁగని శకుంతలను జూచుటలోనే మనకు బాధ. ఎల్సీ విషయమును నట్టిదే. ఆమె యొక మంచి మాట వినుచున్నది. మన మదే మాటలో మఱియొకటి వినుచున్నాము. తల్లికిఁ దెలియనిది మనకుఁ దెలియును. మనకుఁ దెలియవలసిన ముఖము మాత్రము తెలియదు. సగము తెలివి, సగము చీఁకటి. రహస్యమనునది యీ రెంటి పొత్తు. ఏమియుఁ దెలియనివానికి రహస్యము లేదు. అంతయుఁ దెలిసినవానికిని లేదు.

ఇఁకఁ జిత్రము రెండు చోట్ల నడుమ నూఁగును. తల్లి వంట; పిల్ల నడక. మఱల తల్లి, మఱల పిల్ల. మెట్లపై నడుగుల చప్పుడు కాఁగానే తల్లి తలుపు తీయును. ఎదుటింటి పిల్లలు! ఎల్సీ మీతో రాలేదా యని యడుగును, రాలేదందురు. తలుపు గంట మ్రోఁగును. ముఖమున వెలుఁగుతోఁ బోయి చూచును. ధారావాహిక నవలల సంచిక లమ్మువాఁడు. చప్పుడు ముందు, మనుష్యుఁడు తరువాత. ప్రతి చప్పుడును మొదట నాశయై వచ్చి, తలుపు తెఱవఁగానే నిరాశ యగుచున్నది. చెవికిని గంటికిని నడుమ నున్న యా యొక్క క్షణములోనే దర్శకుఁడు తల్లిని మనలను గలిపి కట్టివైచినాఁడు. ఆ తల్లి పాత్ర ధరించినది ఎల్లెన్ విడ్‌మన్. ఆమె యేడ్వదు, గుండెలు బాదుకొనదు. కూడు చల్లారకుండ గిన్నెపై మూఁత పెట్టును. మఱల గడియారమువంకఁ జూచును.

ఈ నడుమనే వీథిలో నా మనుష్యుఁ డొక గ్రుడ్డివానియొద్ద గాలిబూర కొని పిల్ల కిచ్చును. బూర బొమ్మవంటిది, కాళ్లును జేతులును గలది. పిల్ల వినయముగా వంగి కృతజ్ఞత తెలుపును. వాఁ డీల వేయుచున్నాఁడు. నార్వే దేశపు సంగీతకర్త యెడ్వర్డ్ గ్రీగ్ 1876లోఁ బ్రదర్శింపఁబడిన యొక నాటకమునకుఁ గూర్చిన బాణీ యది. పీటర్ లోర్ అను నటుఁ డీ హంతకుని పాత్ర ధరించెను. ఆయనకు నీల వేయుట రాదఁట. వినఁబడు నీల తనదేయని లాంగ్ చెప్పుకొనియున్నాఁడు. చిత్రములో ముఖ్యమగు సంగీత మదియే. మిగిలినది చాలవఱకు జనుల గొంతులును, అడుగులును, గడియారములును. గావుననే యా యీల చెవిలో ముల్లువలె నాటుకొనును. తరువాత నేదైన వీథిలో నీల వినఁబడినఁ జాలును, మనుష్యునిఁ జూపనక్కఱలేదు. కడపట వానిఁ బట్టియిచ్చుటకు మొదటి యాధారము దొరకినదియు నా బూరలమ్ము గ్రుడ్డివాని చెవికే. కన్నులున్న నగరమంతయు వెదకి కనుఁగొనలేనివానిని గన్నులు లేనివాఁడు విని గుర్తుపట్టెను. కన్నులు మూసికొని వినుమని నా శిష్యుఁడు నియమము పెట్టుటకుఁ గారణ మప్పుడు గ్రహించితిని.

ఇఁక నీ రంగమునకుఁ బ్రాణము వంటి భాగము. తల్లి మెట్లకమ్మి మీఁదుగా వంగి "ఎల్సీ!" యని పిలుచును. కామెరా పైనుండి మెట్ల నడిమి లోతును జూపును: చదరములో చదరము, దానిలో మఱియొక చదరము, అడుగున నేల. ఎవరును లేరు. ఆమె కిటికీ తెఱచి పిలుచును. ఆ పిలుపు సాగుచుండఁగాఁ గామెరా మఱల మెట్లను జూపును, శూన్యము. బట్టలారవేయు నటక, త్రాళ్లపై బట్టలున్నవి, మనుష్యులు లేరు. బల్లపై నెల్సీ పళ్లెము, చెంచా, ఎదుట ఖాళీ కుర్చీ. పిలుపు మెల్లమెల్లగా దూరమగుచుండును.

సామాన్యముగాఁ గామెరా మనుష్యులున్నచోటికిఁ బోవును. మనుష్యుఁడు పోఁగానే బొమ్మ మార్చుదురు. ఇచ్చట మనుష్యులు లేనిచోట్లకే యది వరుసగాఁ బోవుచున్నది. పోయి కదలకుండ నిలుచుచున్నది. అటకపైఁ దల్లి లేదు. ఆమె గొంతు మాత్రమున్నది. తన కాళ్లు పోలేనిచోట్లకెల్ల నామె తన పిలుపును బంపినది. కామెరా యా పిలుపుతోఁ గూడఁ బోయి, గది తరువాత గది వెదకి, వట్టిచేతులతోఁ దిరిగి వచ్చుచున్నది. శబ్దమునకును బొమ్మకును నిట్టి సంబంధము గలదని నేనంతకుముందు తలఁచియుండలేదు. సాధారణముగా నోరు కదలినచో మాట వినఁబడును. అది యొకదానికొకటి సాక్ష్యము చెప్పుటయే. ఇచ్చట బొమ్మ పిలుపునకు బదులు చెప్పుచున్నది. "ఎల్సీ!" యను ప్రశ్నకు ఖాళీ పళ్లెమే యుత్తరము.

తొమ్మిదవ శతాబ్దమునఁ గాశ్మీరమున నానందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున విస్తరించి చెప్పిన సంగతి యిదియే కదా. గంగలోఁ బల్లె యున్నదన్నచో, నీటిలో నిండ్లుండవు గనుక గట్టున నున్నదని గ్రహింతుము. అంతటితో నాఁగక యా పల్లె చల్లఁదనమును బావిత్ర్యమును మనసునకుఁ దగులును. ఆ చివఱిది యెవరును జెప్పిన మాట కాదు. పళ్లెము విషయమున వాచ్య మిది: పిల్ల యింకను భోజనమునకు రాలేదు. తగిలెడి వ్యంగ్యము మఱియొకటి. దానిని నేను మాటలలోఁ బెట్టినచో ధ్వని చెడును. నలువది యేండ్లు పిల్లలకు ధ్వని బోధించినవాఁడనే. నల్లబల్లపై వ్రాసిన యే యుదాహరణమును నా గొంతు నింతగాఁ బట్టుకొనలేదు.

కారణ మొకటి చెప్పవలెను. చాల యేండ్లక్రిందట నొక బాలుఁ డెక్కములప్పగింపలేదని బడి విడిచిన తరువాతఁ గూడ నాతని నాఁపి యుంచితిని. ప్రొద్దుగ్రుంకఁగాఁ బంపితిని. ఇంటికిఁ బోయినఁ దండ్రి కొట్టునను భయముతో వాఁడు గడ్డివామి చాటునఁ బడుకొని నిద్రపోయెను. తల్లి కాలువగట్టు పొడుగునఁ బిలుచుకొనుచుఁ దిరిగినది. నే నింటి యరుఁగుమీఁదఁ గూర్చుండి వింటిని. మొదటి పిలుపులో విసుగున్నది. రెండవదానిలోఁ బ్రశ్న యున్నది. తరువాతి పిలుపులలో నవి రెండును లేవు, పేరు మాత్రమే యున్నది. నేను లాంతరు పట్టుకొని లేచుటకు ముందు విన్న యా పిలుపులను లెక్కపెట్టలేదుగాని మఱవలేదు. వాఁ డర్ధరాత్రమునకు ముందే దొరకెను. ఆ తరువాత నే పిల్లవానినిఁ గూడఁ జీఁకటిపడువఱకు నాఁపలేదు. 'ఎమ్' చిత్రమునఁ దల్లి పిలుపుల స్వరము మాఱుట నేను వేఱుగా వినుటకిదియే హేతువు. పుస్తకజ్ఞానము దానికిఁ జాలదు.

పిలుపు ముగిసినది. ఇప్పుడు శబ్దమే లేదు. పొదల చాటునుండి బంతి దొరలుచు వచ్చి, మెల్లఁగా నాఁగును. తరువాత నాకసమునఁ దంతితీఁగెలకుఁ దగుల్కొనిన బూర. ఆ బొమ్మచేతులు గాలికి వణఁకును. తీఁగెనుండి విడివడి పోవును. తెర చీఁకటి. ఇంతే. పాపము జరిగినది, మనము చూడలేదు. ఇట్టిచోట మన కాలపు చిత్రములలోఁ గొందఱు డప్పులు మ్రోఁగింతురు, వీణతంతులను గీరి చెవులు చిల్లులు పొడుతురు. భయపడుఁడని ప్రేక్షకునకు నాజ్ఞయిచ్చుట యది. లాంగ్ అంతవఱకు శబ్దముతోఁ జెవులను బెంచి, తీరా యవసర మగునప్పటికి దానిని బొత్తిగాఁ దీసివేసెను. గొంతు వినఁబడుచున్నంతవఱకుఁ గదా క్షేమము! తల్లి చెప్పక విడిచిన సగము మాట యిక్కడఁ బూర్తియైనది. అదియు నామె నోటితోఁ గాదు.

దృశ్యమును జూపక విడుచుట పిరికితనమని కొంద ఱందురు. నేనొప్పను. ఆ పిల్లకు జరిగినదానిని దెరపైఁ జూపినచో మనము దానిఁ జూడ వచ్చినవారమగుదుము. చూపకపోవుటచేతఁ దల్లితోఁ గూడ వెదకువారమైతిమి. పిల్ల గౌరవమును నిలిచినది. ఆ దర్శకుఁడు 1933లో జర్మనీ విడిచిపోయెను. మఱుచటి యేడాది హిట్లరు ప్రభుత్వ మీ చిత్రమును నిషేధించెను. అమెరికాలోఁ బెక్కు చిత్రములు తీసి యాతఁడు 1976లో మరణించెను. ఆ సంగతులు వేఱొక ప్రసంగమునకుఁ దగినవి.

చెవులు మూసికొని చూచిన రెండవసారి సంగతి చెప్పనేలేదు. అప్పుడు మెట్లు మెట్లుగాను, అటక యటకగాను, పళ్లెము పళ్లెముగాను గనఁబడినవి. చక్కని ఛాయాచిత్రములు, అంతకు మించి యేమియు లేదు. భయ మొక్కింతయుఁ గలుగలేదు. బంతి దొరలినప్పుడు మాత్రము మనసు కలఁగినది. ఏలయన నక్కడ శబ్దము మొదలే లేదు గనుక, నా చెవులు మూయుటవలనఁ బోయినదేమియు లేదు.

మూఁడవసారి రెండును దెఱచి చూచుచుండఁగా మా యింటిది వంటయింటఁ గాఫీ కాఁచుచున్నది. ఆమె తెరవంకఁ జూడలేదు. జర్మన్ భాషలో నొక్క ముక్కయు నామెకు రాదు. బంతి దొరలి, బూర యెగిరి, తెర నల్లనై పోయినంతట గిన్నె చేతఁ బట్టుకొని గుమ్మముదాఁక వచ్చి నిలిచి, "ఏమండీ, ఆ పిల్ల యింటికి వచ్చినదా?" యని యడిగెను.

రాలేదంటిని.